గుల్ల జాగా

మా మామయ్య శంకరయ్యతో నేను మాట్లాడిన మొదటి మాటే గొడవ మాట. కోదాడలో మా ఇంటి వెనక ఒక సున్నపు బట్టీ ఉంది. పెళ్ళయిన మూడో రోజు పొద్దున పెరట్లోకి వెళ్ళి, మసిబారిన ఆ గుండ్రటి గోడను చూసి, "దీన్ని కూలగొట్టి ఇక్కడ బాత్రూం కట్టుకుందాం" అన్నాను. ఆయన నా వైపు కూడా చూడలేదు. లోపలికి వెళ్ళి అత్తమ్మతో, "నీ కోడలు టీచరమ్మ గద, వచ్చుడు వచ్చుడే పరీక్ష పెట్టింది" అన్నాడు. మా అత్తమ్మ సుందరమ్మ పగలబడి నవ్వింది. ఆమె నవ్విందంటే ఆ ఇంట్లో ఆ విషయం ఖతం. బాత్రూం ఇంకో పక్కన కట్టారు.

అది పన్నెండేళ్ళ కిందటి సంగతి. నా పేరు ఉషారాణి. పుట్టింది మిర్యాలగూడ పక్కన వేములపల్లిలో. అనంతగిరి హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. మా ఆయన శ్రీను లారీ నడుపుతాడు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం కాకినాడ ఓడరేవుకు తోలి, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది వేసుకొస్తాడు. నెలలో సగం రోజులు ఇంట్లో నేను, మామయ్య, అత్తమ్మే ఉంటాం. వాళ్ళిద్దరి పోట్లాటలు వినడం నాకు టీవీ కంటే బాగుంటుంది.

మామయ్యది గుల్ల సున్నం. బందరు వైపు నుంచి లారీల్లో ఆల్చిప్పలు వచ్చేవి. వాటినే మావాళ్ళు గుల్ల అంటారు. బట్టీ అడుగున ఊక పోసి, పైన బొగ్గు ఒక వరస, గుల్ల ఒక వరస పేర్చి అంటించేవారు. పొద్దున్నించి సాయంత్రం దాకా గాలి చక్రం తిప్పుతూనే ఉండాలి. చల్లారాక నీళ్ళు చల్లితే గుల్ల బుసబుసమని పొంగి తెల్లటి పొడిగా విడిపోయేది. అందులో కొంత గోడలకు, కొంత తమలపాకుల్లోకి.

తమలపాకు సున్నానికి ఒక పద్ధతి ఉండేది. బట్టీ దిగిన ప్రతిసారీ మొదటి సున్నం అత్తమ్మ నోటికే. ఆమె ఆకుకు పూసుకుని, దవడన పెట్టుకుని, కళ్ళు మూసుకుని నమిలేది. "ఊఁ" అంటే సున్నం బజారుకు. ఉమ్మేస్తే గోడలకు. నలభై ఏళ్ళు ఇదే నడిచింది. ఒక ఏడాది వరసగా మూడు బట్టీలు ఉమ్మేసిందట. మామయ్య అలిగి రెండు రోజులు అన్నం ముట్టలేదట, మూడో రోజు లేచి బొగ్గు మార్చాడట. ఈ కథ ఆయన చెప్తే తప్పు బొగ్గు అమ్మినవాడిది, ఆమె చెప్తే తప్పు కాల్చినవాడిది. నేను ఇద్దరి దగ్గరా "అవునవును" అనేదాన్ని.

తర్వాత ప్యాకెట్ సున్నం వచ్చింది. రంగుల డబ్బాలు వచ్చాయి. గుల్ల లారీలు తగ్గి తగ్గి, నా పెళ్ళికి ముందు ఏడాదే పూర్తిగా ఆగిపోయాయి. మామయ్య దానికేమీ పెద్దగా బాధపడలేదు. ఆఖరి బట్టీ సున్నం ఒక పెద్ద కుండలో నీళ్ళు పోసి పెట్టాడు, అది అత్తమ్మ ఒక్కదానికే. పన్నెండేళ్ళు వచ్చింది ఆ కుండ. పోయిన ఉగాదికి అడుగంటింది.

జులైలో అత్తమ్మకు పక్షవాతం వచ్చింది.

సూర్యాపేట దవాఖానలో పదిహేను రోజులున్నాం. కాలు కొంత వచ్చింది, చెయ్యి కొంత వచ్చింది, మాట ఒక్కొక్కటిగా, ఆగి ఆగి వచ్చింది. నాలుక మాత్రం రాలేదు. ఏది పెట్టినా "మట్టి" అనేది. పప్పు మట్టి, మామిడికాయ తొక్కు మట్టి, గోంగూర మట్టి. నేను బతిమాలితే రెండు ముద్దలు, కోప్పడితే ఇంకో ముద్ద. మనిషి సగమైపోయింది. నరాల సంగతి, మెల్లగా రావచ్చు, రాకపోవచ్చు అని డాక్టర్ నాతో చెప్పాడు. మామయ్యతో కూడా చెప్పాడు. మామయ్య విన్నాడు, తల ఊపాడు, ఇంటికొచ్చి సొంత తీర్పు ఇచ్చాడు.

"గా ప్యాకెట్ సున్నం వల్లనే బిడ్డా. నలభై ఏండ్లు గుల్ల సున్నం తిన్న నాలిక. దానికి రాతి పిండి పెడ్తె సావదా. ఒక్కసారి గుల్ల సున్నం తగిలితె లేస్తది."

ఇక మొదలు. హైవే మీద దాబాల దగ్గర ఆంధ్ర లారీ ఆగితే చాలు, ఈయన వెళ్ళి డ్రైవర్ పక్కన నిలబడేవాడు. గుల్ల ఉందా, గుల్ల తెస్తావా, ఒక్క బస్తా చాలు. ఒకడు తెస్తానని ఫోన్ నంబర్ ఇచ్చి మళ్ళీ ఎత్తలేదు. ఇంకొకడు గవ్వల దండ తెచ్చి చేతిలో పెట్టాడు. శ్రీను కాకినాడలో అడిగాడు, అడిగినంత తేలికగా దొరకలేదు అది. ఆఖరికి ఒకరోజు బడి నుంచి తల ప్రాణం తోకకొచ్చి ఇంటికి చేరితే, గుమ్మంలోనే ఆయన మళ్ళీ గుల్ల మాట ఎత్తాడు.

"ఏ సున్నమైనా ఒకటే మామయ్యా. కాల్షియం హైడ్రాక్సైడ్. గుల్లదైనా రాతిదైనా తేడా ఉండదు. అత్తమ్మ రోగం సున్నంతోని పోయేది కాదు" అన్నాను.

ఆయన ఎదురు ఒక్క మాట అని ఉంటే నాకు నయంగా ఉండేది. మర్నాటి నుంచి నాతో గుల్ల సంగతి మాట్లాడటం మానేశాడు. దాబాల దగ్గరికి వెళ్ళడం మాత్రం మానలేదు. నాకు తెలియకూడదని కూరగాయల సంచి పట్టుకుని వెళ్ళేవాడు, కూరగాయలు మర్చిపోయి ఖాళీ సంచితో వచ్చేవాడు.

నవంబర్‌లో నాకు నా గుల్ల పిచ్చి పట్టింది. జిల్లా సైన్స్ ప్రదర్శన సూర్యాపేటలో పెట్టారు. ప్రతిసారీ అందరూ అగ్నిపర్వతాలూ, థర్మకోల్ గుండెకాయలూ తెస్తారు. నేను మాత్రం ఈసారి పిల్లల చేత నిజమైనదాన్ని ముట్టించాలనుకున్నాను. రాజమండ్రి ఇవతల నల్లరాతి క్వారీలున్నాయి. ఆ నల్లరాయి ఒకప్పుడు పారిన లావా. రెండు లావా పొరల నడుమ అక్కడక్కడా ఒక తెల్లటి పొర వస్తుంది. దాని నిండా ఆల్చిప్పలు, రాయిగా మారినవి. సముద్రం అక్కడిదాకా లోపలికి వచ్చిన రోజుల్లోవి. ఆరు కోట్ల ఏళ్ళ పైమాట. ఆ జాతులు ఇప్పుడు ఏ సముద్రంలోనూ బతికి లేవు. క్వారీవాళ్ళకు ఆ పొర పనికిరాదు, తీసి పక్కన పారేస్తారు. శ్రీను లారీ ఆ దారినే వెళ్తుంది. నెల రోజులు ఆయన చెవిలో జోరీగలా తిరిగాను.

ఒక ఆదివారం పొద్దున తెచ్చాడు. సగం తలుపంత రాయి. నలుగురు పట్టి దించారు. మామయ్య మందుల షాపుకు వెళ్ళిన సమయం. మా పెరట్లో చదునుగా, శుభ్రంగా ఉండే చోటు ఒక్కటే, బట్టీకి తూర్పు పక్కన నాలుగు బండలు పరిచిన జాగా. దాన్ని ఇంట్లో గుల్ల జాగా అంటారు. పేరు తెలుసు నాకు, పన్నెండేళ్ళుగా అక్కడ బట్టలుతుకుతున్నాను. రాయిని అక్కడే పెట్టించాను.

నీళ్ళు పోసి బ్రష్‌తో తోమాను. మట్టి పోతున్నకొద్దీ ఆల్చిప్పలు తేలాయి. అరచేయంత ఒకటి, దాని వీపున ఇంకోటి, దాని వీపున ఇంకోటి. ఆల్చిప్ప పిల్ల తిరిగేది పుట్టిన కొత్తలోనే. తర్వాత గట్టి చోటు చూసుకుని జన్మంతా అతుక్కుని ఉంటుంది. ఆ గట్టి చోటు చాలాసార్లు పెద్దవాళ్ళ గుల్లే. అట్లా తరాల మీద తరాలు. నాకు కన్ను మరలలేదు.

"ఎంత పాతదో తెలుసా గిది?" అన్నాను శ్రీనుతో. "ఆరు కోట్ల ఏండ్లు. గిసుంటి గుల్ల ఇప్పుడు లోకంల యాడ లేదు. సూర్యాపేటల అందరు నోరెళ్ళబెట్టాలె."

"ఆరు కోట్ల ఏండ్లదని తెల్వక టోల్‌గేటు కాడ బట్టలుతుకుడు బండ అని చెప్పిన" అన్నాడు శ్రీను. టీ తాగి, అదే లారీలో మిర్యాలగూడ లోడుకు వెళ్ళిపోయాడు.

నేను పై ముఖాన ఉన్న గుల్లలు లెక్కపెట్టాను. నలభై ఒకటి. ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. ఆ మధ్యాహ్నమే మా అమ్మ దగ్గర నుంచి ఫోన్ వచ్చింది, మిర్యాలగూడలో కంటి ఆపరేషన్‌కు మర్నాడే రమ్మన్నారని. అత్తమ్మను చూసుకోవడానికి వీధి చివర తమలపాకులమ్మే గోపమ్మకు చెప్పి, బట్టలు సర్దుకుని, వచ్చిన బస్సెక్కాను. మామయ్య అప్పటికీ రాలేదు. దారిలో ఎక్కడో లారీ ఆగి ఉంటుంది.

నాలుగు రోజులకు వచ్చాను. బస్సు దిగి వీధి మలుపు తిరగగానే గోపమ్మ ఆకుల గంప ముందు నుంచే, "మస్తు మంచి పని చేసినవమ్మా. నీ అసొంటి కోడలు అందరికి దొరకది" అంది. మా అమ్మ కన్ను గురించి అనుకున్నాను, కన్నతల్లికి చేస్తే కోడలి మాట ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. రెండిళ్ళ అవతల కిష్ట్యా కూడా లేచి నిలబడి నవ్వాడు. అతను లేచి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి వెళ్ళి సంచి గుమ్మంలో పెట్టి నేరుగా పెరట్లోకి నడిచాను. బండలు ఖాళీగా ఉన్నాయి. కడిగి ఉన్నాయి కూడా. బట్టీ చుట్టూ కొత్త బూడిద. అలుకు పెట్టిన గోడ ఎండి పగుళ్ళిచ్చింది. నాకు సంగతి అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. నాకు కోపమొస్తే ముందు చెవులే తెలుపుతాయి. బడిలో పిల్లలు నా చెవులు చూసి పుస్తకాలు తెరుస్తారు.

మామయ్య జల్లెడ పట్టుకుని వచ్చాడు. కనుబొమలు తెల్లగా, చేతులు మోచేతుల దాకా తెల్లగా.

"వచ్చినవా బిడ్డా. అమ్మ కన్ను మంచిగున్నదా?"

ముందు అదే అడిగాడు. కోపంగా ఉన్నప్పుడు అవతలి మనిషి మంచిగా మాట్లాడితే నాకు ఇంకా మండుతుంది.

"మంచిగుంది. మామయ్యా, గీడ రాయి ఉండాలె."

"కాల్చిన" అన్నాడు. బడిలో ఫస్టొచ్చిన పిల్లవాడు మార్కులు చెప్పినట్టు చెప్పాడు. "మంగళవారం పొద్దుగాల అంటించిన. గోపమ్మ కొడుకు చక్రం తిప్పిండు. నిన్న నీళ్ళు చల్లితె సున్నం సిద్ధమైంది. ఒక్కటి వృథా కానియ్యలే."

ఆయన బట్టీ గట్టు మీద కూర్చున్నాడు. నన్నూ కూర్చోమన్నాడు.

"నేను గోళీలు తెచ్చేసరికి గుల్ల జాగల రాయి ఉన్నది. దగ్గరికి పోయి సూస్తె అంత గుల్లే. శ్రీనుగానికి ఫోన్ చేస్తె ఎత్తలే. నీకు చేద్దామనుకొని మళ్ళ ఆగిన. నాకు చెప్పకుంట తెప్పించినవంటె నువ్వు చెప్పొద్దనుకున్నవనే గద. నేను సంచి పట్టుకొని దాబాల పొంటి తిరుగుడు సూసినవ్. సూసి ఊకోలేకపోయినవ్."

"మామయ్యా, ఒక్క మాట అడగొచ్చు గద కాల్చే ముందు."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఎందుకు అడుగుడు? గా బండల మీద దింపిన గుల్లను కాల్చాల్నా అని నేను ఇంతవరకు ఎవర్ని అడగలే. మా నాయిన కాడి నుంచి గంతే. ఆడ దింపుడంటెనే కాల్చుమని చెప్పుడు."

ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్ళు. ఆ బండలు ఎందుకున్నాయో నేను ఒక్కసారి అడిగి ఉండవలసింది.

ఆయన చెప్పుకుపోతున్నాడు. ఉలితో పొరలు పొరలుగా విడదీశాడట. అంత బరువు గుల్ల జన్మలో చూడలేదట. పగలగొడితే సముద్రం వాసన రాలేదట, బండ వాసన వచ్చిందట. బట్టీలో పటపటా పేలాయట, పాత గుల్ల అట్లా పేలేది కాదట.

"ఇంకోటి సూసిన బిడ్డా. ఒక్కటి గూడ నోరు తెరవలే. సచ్చిన గుల్ల నోరు తెరుస్తది. రెండు చిప్పలు రెండు దిక్కుల పోతయి. గివి అన్ని మూసుకొనే ఉన్నయి. బతికుండంగనే మీద మట్టి పడ్డది వాటికి. పాపం, ఒకదాన్నొకటి పట్టుకొని ఉన్నయి."

నేను ఆ రాయిని గంటసేపు తోమాను, లెక్కపెట్టాను, ఫొటోలు తీశాను. చిప్పలు మూసుకుని ఉన్నాయన్న సంగతి నా కంటికి తట్టలేదు. అది చూసినవాడు దాన్ని కాల్చేశాడు. (సూర్యాపేటకు ఆఖరికి ఫొటోలతోనే వెళ్ళాను. నమూనా ఏదమ్మా అని అడిగారు. ఇంట్లో వాడుకున్నామని చెప్పాను. ఎవరూ నమ్మలేదు, బహుమతి థర్మకోల్ మూత్రపిండానికి వచ్చింది.)

"మరి అత్తమ్మ ఏమన్నది?" అని అడిగాను.

"ఇంకా పెట్టలే."

"ఎందుకు? నిన్ననే సిద్ధమైందంటిరి గద."

"తెప్పించినదానివి నువ్వు. నువ్వు లేకుంట ఎట్ల పెడ్త." జల్లెడ అంచుకు అంటిన పొడిని వేలితో తుడుస్తూ ఆయన గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాల్నంటె భయమైతుంది బిడ్డా. గిది గూడ మట్టి అన్నదనుకో. ఇగ నా చేతుల ఏమున్నది? నాకు వచ్చిన పని గిదొక్కటే. గిదీ పనికిరాకపోతె దానికి నేను ఏం జెయ్యాలె?"

నా చెవుల వేడి ఎప్పుడు దిగిందో తెలియదు. నాలుగు నెలల కింద కాల్షియం హైడ్రాక్సైడ్ అన్న నోరు నాదే. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు ఇంకో దారి కనపడలేదు.

"అత్తమ్మ కోసమే తెప్పించిన మామయ్యా" అన్నాను. "చెప్పకుంట తెచ్చి మిమ్మల్ని పరేషాన్ చేసిన."

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. నా జుట్టంతా సున్నమైంది.

అత్తమ్మ కిటికీ పక్క మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. మామయ్య చేతులు కడుక్కుని, ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. గోపమ్మ ఇచ్చిన ఆకుల్లోంచి లేతది ఏరి, తొడిమ తుంచి, ఈనె తీసి, మోకాలి మీద పరిచి తుడిచాడు. చిన్న గిన్నెలో సున్నం వెన్నలా ఉంది. వక్క వద్దని డాక్టర్ అన్నాడు, అందుకని ఆకూ సున్నమే. ఆమెకు మునుపు ఎంత ఇష్టమో అంత పూశాడు, బొటనవేలి నిండా. మడిచి, ఆమె ఎడమ దవడన తనే పెట్టాడు. కింద గొంతుక్కూర్చుని ముఖం పైకెత్తి చూస్తున్నాడు.

అత్తమ్మ కళ్ళు మూసుకుంది. మెల్లగా నమిలింది. వంకరపోయిన పెదవి పక్క నుంచి ఆకుపచ్చటి చుక్క కారింది, నేను తుడవబోతే చేత్తో ఆపింది. బయట ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఊఁ" అంది అత్తమ్మ.

మామయ్య ఇంకాస్త ముందుకు జరిగాడు.

"మంచిగ... కాలింది" అంది. ఇంకాసేపు నమిలి, కళ్ళు తెరిచి ఆయన వైపు చూసింది. "గిది... ఇప్పటి గుల్ల కాదయ్యా. ఎన్నటిదో. శాన పాతది."

నేను సైన్స్ టీచర్ని. నాలుకతో రాయి వయసు తెలియదని పిల్లలకు చెప్పగలను. కానీ ఆ నిమిషంలో నమ్మాను. నలభై ఏళ్ళ నాలుక, లేచిందంటే లేవదా అనుకున్నాను.

"నాలిక వచ్చింది" అన్నాడు మామయ్య. లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. "సూసినవా ఉషా, పాతదని గూడ చెప్పింది. నేను చెప్పలే దానికి. నాలిక వచ్చింది." తువ్వాలుతో ముఖం తుడుచుకుంటే ముఖం తుడవడం అయిపోలేదు, చాలాసేపు తువ్వాలు అక్కడే ఉంది. తర్వాత గోపమ్మకు చెప్పొస్తానని చొక్కా కూడా వేసుకోకుండా బయల్దేరాడు. గుమ్మం దగ్గర ఆగి, "గసుంటి రాయి ఇంకోటి దొరుకుతదా బిడ్డా?" అన్నాడు.

"దొరుకుతది మామయ్యా."

ఆయన అడుగుల చప్పుడు వీధిలో కలిశాక అత్తమ్మ ఉమ్మిగిన్నె చూపించింది. పట్టాను. ఆకంతా ఉమ్మేసింది. నీళ్ళు పుక్కిలించమని గ్లాసు ఇస్తూ నోట్లోకి చూశాను. దవడ లోపల పక్క తెల్లగా కాలి ఉంది. రూపాయి బిళ్ళంత, తోలు పొక్కి లేచింది.

"అత్తమ్మా, మండుతలేదా?"

ఆమె ముందు గుమ్మం వైపు చూసింది. "లేదు బిడ్డా."

"రుచి?"

"మట్టి."

నేను గ్లాసు కింద పెట్టాను. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. "మరి పాతదని ఎట్ల తెలిసింది?"

"నువ్వే గద అన్నవ్, శ్రీనుగానితోని. కోట్ల ఏండ్లని." కిటికీ వైపు గడ్డం ఎత్తింది. కిటికీ అవతలే ఆ నాలుగు బండలు.

"అంటె రాయి బడి కోసమని నీకు ఎరికే."

"ఎరికే."

"మామయ్య కాల్చబోతుంటె మరి చెప్పకపోతివి?"

అత్తమ్మ కొంగుతో పెదవి తుడుచుకుంది. ఆ తర్వాతి మాటలకు చాలాసేపు పట్టింది, ఒక్కో మాటకు ఊపిరి తీసుకుంది. నేను తొందరపెట్టలేదు.

"చెప్దామనే... పిలుద్దామనుకున్న. గప్పటికి గాయన బట్టీ అలుకుతున్నడు. ఈల వేసుకుంట. నాకు రోగమొచ్చినకాడి నుంచి... గా ఈల వినలే. ఊకున్న. నీ రాయి పాయె. నాకు తెలుసు... నువ్వు ఎంత మురిసినవో. అయినా ఊకున్న."

కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది. మంచం పట్టె మీద కూర్చున్నాను. "నేను గూడ మామయ్యతోని అబద్ధమే చెప్పిన. నీ కోసమే తెప్పించిన అన్న."

"విన్న. అందుకే... నీకు చెప్తున్న. గాయనకు చెప్పేది కాదు గిది." పని చేసే చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "ఇద్దరం ఒక తీరు దొంగలమే."

వీధిలో మామయ్య గొంతు దగ్గరకొస్తోంది, ఎవరికో చెప్తున్నాడు, పాతదని కూడా చెప్పిందని. అత్తమ్మ నా చెయ్యి వదిలి, "నెయ్యి. జల్ది" అంది. "పొక్కు సూస్తె... గాయనకు అర్థమైతది. నలభై ఏండ్లు నా నోరే సూసిండు."

పరుగున వెళ్ళి వేలితో నెయ్యి తెచ్చి దవడ లోపల పూశాను. ఆమె నోరు మూసుకుంది. మామయ్య గుప్పెడు ఆకులతో లోపలికొచ్చాడు, గోపమ్మ ఊరికే ఇచ్చిందట. తడి గుడ్డలో చుడుతూ అత్తమ్మను అడిగాడు.

"సుందరం, రేపు ఎంత పుయ్యాలె? గింత సరిపోయిందా, తక్కువైందా?"

"గింతే పుయ్యి" అంది అత్తమ్మ. "తక్కువ చెయ్యకు."

నేను లేచి, ఆయన చేతిలోంచి సున్నం గిన్నె తీసుకున్నాను. రేపటి నుంచి ఆకు నేను కడతానన్నాను. నీకేం తెలుసు ఎంత పుయ్యాలో అన్నాడు. నేర్పించమన్నాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మోకాలి మీద ఆకు పరిచి, నా బొటనవేలు పట్టుకుని గిన్నెలో ముంచి, అత్తమ్మకు ఎంత ఇష్టమో ఆకు మీద రాసి చూపించాడు. నేను శ్రద్ధగా చూశాను. మర్నాడు పొద్దున ఆయన ఎదురుగానే ఆకు కట్టాను, నా బొటనవేలును మాత్రం గిన్నె అంచుకు తగిలించి తీశాను, సున్నంలో ముంచలేదు.